లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై రావట్లేదా: డ్రైవరా, కొత్త కెర్నెలా, కొత్త కార్డా, డాంగిలా?

పాత ల్యాప్‌టాప్ విండోస్‌ని ఈడ్వలేకపోతోందని లినక్స్ వేస్తారు. స్క్రీన్ వస్తుంది, పాట వినిపిస్తుంది, టచ్‌ప్యాడ్ కూడా చెప్పిన మాట వింటుంది. వైఫై గుర్తు మాత్రం కనబడదు. ఎవరినైనా అడిగితే ఫలానా ప్యాకేజీ దించుకోమంటారు. దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి ఆ ప్యాకేజీ కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఇందులోంచి బయటపడే దారులు నాలుగు. ఉన్న చిప్‌కి బయటి నుంచి డ్రైవర్ (ఆ చిప్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) తెచ్చి ఎక్కించడం, ఆ చిప్ తెలిసిన కొత్త కెర్నెల్‌కి (హార్డ్‌వేర్‌ని నడిపించే లినక్స్ గుండెకాయకి) మారడం, ల్యాప్‌టాప్ విప్పి లోపలి కార్డునే మార్చేయడం, లేదా యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకోవడం. నాలుగూ పనిచేసేవే. వీటిలో ఏది మేలని తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: ఆరు నెలల తర్వాత అప్‌డేట్‌తో పాటు కెర్నెల్ మారినా, మీరు మళ్లీ కూర్చుని కుస్తీ పట్టకుండా వైఫై నడవాలి. ఈ రాత్రికి పనిచేసిందా లేదా అన్నది చిన్న విషయం. ఈ పరీక్ష పెడితే, ఎక్కువమంది మొదట తొక్కే దారి చివరి వరుసలో నిలబడుతుంది.

ముందు నెట్ తెచ్చుకోండి

ఏ దారిలో వెళ్లినా మొదటి పని అందరికీ ఒకటే. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గరే ఉండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్‌కి అది వైరు కనెక్షన్‌లా కనబడుతుంది. దానికి కావాల్సిన డ్రైవర్ కెర్నెల్‌లో ముందే ఉంటుంది కాబట్టి ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే, ఎక్కువ ఫోన్లు ఆ వైఫైనే కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌కి పంపిస్తాయి, మొబైల్ డేటా ఖర్చవదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కేబుల్ మాత్రం ఛార్జింగ్‌కి తప్ప ఎందుకూ పనికిరాని రకం కాకూడదు. ఐఫోన్‌తో కూడా అవుతుంది: పర్సనల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఈ కంప్యూటర్‌ని నమ్మాలా అని ఫోన్ అడిగినప్పుడు సరే అనాలి.

రోజుకి ఓ గంట మెయిల్, బ్యాంకు పని చూసుకునేవాళ్లయితే ఇలాగే కొనసాగించినా తప్పు లేదు. మిగతావాళ్లకి ఇది మరమ్మతు జరిగేదాకా ఆసరా.

చిప్ పేరు తెలియకుండా ఎవరినీ సలహా అడగొద్దు

"నాది ఫలానా కంపెనీ ల్యాప్‌టాప్, వైఫై రావట్లేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఒకే మోడల్ పేరుతో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఒక బ్యాచ్‌కి ఇంటెల్ కార్డు, ఇంకో బ్యాచ్‌కి రియల్‌టెక్ కార్డు ఉండటం మామూలే. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని, హైఫన్ పెట్టి ఎన్‌ఎన్‌కే అన్న మూడు అక్షరాలు కలిపి నడపండి. అన్నీ చిన్న అక్షరాలే. వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న లైన్ చివర చదరపు బ్రాకెట్లలో కోలన్‌కి అటూ ఇటూ రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది కంపెనీది: 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 14సీ3 అంటే మీడియాటెక్, 168సీ అంటే క్వాల్‌కామ్ అథెరోస్. రెండోది ఆ కంపెనీలో ఏ చిప్ అన్నది. ఈ జంట సంఖ్యని రాసి పెట్టుకోండి. ఇక మీదట వెతకాల్సింది దీంతోనే, ల్యాప్‌టాప్ పేరుతో కాదు.

ఆ లైన్ కిందే ప్రస్తుతం ఏ డ్రైవర్ వాడుకలో ఉందో కూడా ఉంటుంది. ఇక్కడ మూడు రకాల జబ్బులున్నాయి, మూడిటికీ మందులు వేరు. డ్రైవర్ పేరే లేకపోతే మీ కెర్నెల్‌కి ఆ చిప్ తెలియదన్నమాట. పైన చెప్పిన నాలుగు దారుల అవసరం వచ్చేది ఇక్కడే. డ్రైవర్ ఉన్నా వైఫై కనబడకపోతే ఎక్కువసార్లు ఫర్మ్‌వేర్ ఫైల్ లేకపోవడమే కారణం. డ్రైవర్ కంప్యూటర్‌లో నడిచేది, ఫర్మ్‌వేర్ చిప్ లోపల నడిచేది. కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్ (dmesg) లాగ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదన్న లైన్ కోసం వెతికితే, ఏ ఫైల్ దొరకలేదో పేరుతో సహా చెబుతుంది. మూడోది అసలు జబ్బే కాదు, ఎవరో స్విచ్ ఆపేసి ఉంటారు. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అన్న కమాండ్ కొడితే సాఫ్ట్ బ్లాక్, హార్డ్ బ్లాక్ అని విడివిడిగా చూపిస్తుంది. సాఫ్ట్ బ్లాక్‌ని ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ అంటే తీసేస్తుంది. హార్డ్ బ్లాక్ అయితే ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న స్విచ్చో, ఎఫ్ఎన్ కీతో నొక్కే విమానం బొమ్మ బటనో చూడాలి.

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు. కార్డు సగం నిద్రలో ఉండిపోయి లినక్స్‌కి చిక్కదు. దాన్ని ఆపి, ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి చూశాకే డబ్బులు ఖర్చు పెట్టే ఆలోచన చేయండి.

కంపెనీని బట్టి జాతకం

ఇంటెల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ ప్రధాన డిస్ట్రోలన్నీ, అంటే ఉబుంటు, మింట్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలన్నీ, ఇస్తాయి. మీది ఇంటెల్ కార్డై ఉండి రావట్లేదంటే, కార్డు కొత్తది, కెర్నెల్ పాతది అయి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఏఎక్స్200కి కెర్నెల్ 5.1, ఏఎక్స్210కి 5.10 కనీసం ఉండాలి.

అథెరోస్ పాత చిప్‌లు సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి పట్టింపు ఉన్నవాళ్లకి ప్రాణం. ఏటీహెచ్9కే డ్రైవర్‌తో నడిచే ఏఆర్9285, ఏఆర్9485 లాంటి కార్డులకి లోపలికి ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైలే అక్కర్లేదు. అందుకే మూసి ఉన్న ఫర్మ్‌వేర్‌ని ముట్టుకోని ట్రిస్క్వెల్ లాంటి డిస్ట్రోలు వాడేవాళ్లు ఈ కార్డులని వెతికి మరీ కొంటారు. వేగం మాత్రం వైఫై 4 నాటిది. ఆ తర్వాతి క్యూసీఏ9377, క్యూసీఏ6174 లాంటివి ఏటీహెచ్10కే డ్రైవర్‌తో నడుస్తాయి, వాటికి ఫర్మ్‌వేర్ ఫైల్ తప్పనిసరి.

మీడియాటెక్ ఈమధ్య నమ్మకం సంపాదించుకుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే ఎంటీ7921 చిప్‌కి కెర్నెల్ 5.12 నుంచే మద్దతు ఉంది. అదే కుటుంబంలోని ఎంటీ7902 మాత్రం వేరే కథ. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఆ చిప్ వచ్చాక చాలాకాలం దానికి లినక్స్ డ్రైవరే లేదు. పేర్లలో రెండు అంకెల తేడా, బతుకులో ఇంత తేడా. జంట సంఖ్య చూడమన్నది ఇందుకే.

రియల్‌టెక్ మన బజార్లో అన్నిటికంటే ఎక్కువ కనబడేది, ఎక్కువ గందరగోళం పెట్టేది కూడా. తక్కువ, మధ్యస్థ ధరల ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వచ్చిన ఆర్‌టీఎల్8821సీఈకి కెర్నెల్ 5.9లో మద్దతు వచ్చింది. ఆర్‌టీఎల్8852ఏఈకి 5.16లో, ఆర్‌టీఎల్8852బీఈకి 6.2లో. అంటే డెబియన్ 12తో వచ్చే 6.1 కెర్నెల్‌కి 8852బీఈ తెలియదు. ఒక్క మెట్టు పైనున్న కెర్నెల్‌కి తెలుసు. ఇలాంటి వెంట్రుకవాసి తేడాల దగ్గరే మనుషులు రోజుల తరబడి తల బాదుకుంటారు.

ఒక్క మాట పక్కకి వెళ్లి చెప్పాలి. పాత బ్రాడ్‌కామ్ కార్డుల బీ43 డ్రైవర్ మీద, ఆ తర్వాత రియల్‌టెక్ డ్రైవర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన వ్యక్తి లారీ ఫింగర్. కెర్నెల్‌లోకి ఇంకా చేరని రియల్‌టెక్ డ్రైవర్లని అందరికీ అందుబాటులో పెట్టి, ఇన్‌స్టాల్ కాక ఇబ్బంది పడ్డవాళ్లకి ఓపిగ్గా జవాబులిచ్చేవారు. 2024లో కన్నుమూశారు. ఇవాళ మన రియల్‌టెక్ కార్డు మనం ఏమీ చేయకుండానే పలుకుతోందంటే, దాని వెనక ఇలాంటివాళ్ల పని ఉంది.

ఇక బ్రాడ్‌కామ్. లినక్స్‌లో వైఫై అంటేనే జనానికి భయం పట్టుకోవడానికి సగం కారణం ఈ కంపెనీయే. 2010లో కొన్ని చిప్‌లకి ఓపెన్‌సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది. బీసీఎం4313 ఉన్నవాళ్లు దానితో, అంటే బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్‌తో, హాయిగా బతకొచ్చు. బీసీఎం4311, 4312, 4318 లాంటి ఇంకా పాతవి బీ43తో నడుస్తాయి. దానికి కావాల్సిన ఫర్మ్‌వేర్‌ని ఒక ఇన్‌స్టాలర్ ప్యాకేజీ నెట్ నుంచి తెచ్చి పెడుతుంది, కాబట్టి టెథరింగ్ సిద్ధంగా ఉంచుకోవాలి. అసలు తలనొప్పి బీసీఎం43142, బీసీఎం4352, బీసీఎం4360లది. దాదాపు 2013 తర్వాత కొన్నేళ్ల పాటు వచ్చిన ల్యాప్‌టాప్‌లలో, ఆ కాలపు మ్యాక్‌బుక్‌లలో ఇవి కనిపిస్తాయి. వీటికి డబ్ల్యూఎల్ అనే మూసిన డ్రైవర్ తప్ప గతి లేదు. కంపెనీ దాన్ని చివరిగా తాజా చేసింది 2015లో. అప్పటి నుంచి కెర్నెల్ మారినప్పుడల్లా డిస్ట్రోల వాళ్లే అతుకులు వేసి నెట్టుకొస్తున్నారు. పైగా దానికి డబ్ల్యూపీఏ3, అంటే వైఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త పద్ధతి, రాదు. రూటర్‌ని డబ్ల్యూపీఏ3కి మాత్రమే పెట్టుకున్న ఇంట్లో ఈ కార్డు కనెక్ట్ కాదు, మిక్స్‌డ్ మోడ్‌కో డబ్ల్యూపీఏ2కో దించాల్సిందే.

బయటి డ్రైవరా, కొత్త కెర్నెలా

వీడియోల్లో ఎక్కువగా చూపించేది బయటి డ్రైవర్ దారే. సోర్స్ దించు, కంపైల్ చెయ్, ఇన్‌స్టాల్ చెయ్, రీబూట్ చెయ్. పది నిమిషాల్లో వైఫై వస్తుంది, కింద కామెంట్లలో దండాలు పెడతారు. మూడు వారాల తర్వాత కెర్నెల్ అప్‌డేట్ వచ్చి మళ్లీ పోయినప్పుడు ఆ వీడియో చేసినాయన కనబడడు. డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఉంటే కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని తనంతట తానే మళ్లీ కంపైల్ చేస్తుంది. అది కూడా, కొత్త కెర్నెల్‌లో లోపలి మార్పులు ఆ డ్రైవర్ కోడ్‌కి సరిపడినంత కాలమే. సరిపడకపోతే అక్కడే ఆగిపోతుంది.

సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్‌లో నమ్మే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇంకో మెలిక ఉంది. బయటి డ్రైవర్ మాడ్యూల్‌కి డిజిటల్ సంతకం లేకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. ఉబుంటు, మింట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటాయి, రీబూట్‌లో నీలి తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. అదేదో వైరస్ తెర అనుకుని కంటిన్యూ నొక్కేసేవాళ్లు ఎక్కువ. ఆ తర్వాత డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే ఉంటుంది గానీ పనిచేయదు.

దీనికంటే నేను కొత్త కెర్నెల్‌కే ఓటేస్తాను. చిప్ జంట సంఖ్యతో వెతికి, ఏ కెర్నెల్ నుంచి మద్దతు ఉందో చూడండి. మీ కెర్నెల్ అంతకంటే పాతదైతే కెర్నెల్‌ని మార్చడమే అసలు మందు. ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నెల్‌తో వచ్చింది, కానీ అందులోనే హెచ్‌డబ్ల్యూఈ పేరుతో కొత్త కెర్నెళ్లు దొరుకుతాయి. ఉబుంటు 24.04, లినక్స్ మింట్ 22 రెండూ 6.8తో మొదలయ్యాయి. డెబియన్ 12 వాడుతున్నవాళ్లు బ్యాక్‌పోర్ట్స్ (పాత డెబియన్‌కి కొత్త ప్యాకేజీలిచ్చే చోటు) నుంచి కొత్త కెర్నెల్ తెచ్చుకోవచ్చు, లేదా 6.12తో 2025లో వచ్చిన డెబియన్ 13కి వెళ్లొచ్చు. కొత్త కెర్నెల్ నచ్చకపోతే బూట్ మెనూలో పాతది ఉండనే ఉంటుంది కాబట్టి టెన్షన్ పడాల్సింది లేదు.

పాత వీడియోల ప్రమాదం ఇక్కడే ఇంకొకటుంది. 8821సీఈకి కెర్నెల్‌లో డ్రైవర్ లేని రోజుల్లో చేసిన వీడియో చూసి, ఇవాళ్టి కెర్నెల్ మీద బయటి డ్రైవర్ కూడా ఎక్కిస్తే, ఒకే కార్డు కోసం రెండు డ్రైవర్లు కొట్టుకుంటాయి. బాగున్న వైఫై కాస్తా పోతుంది. ముందు ఏమీ ఎక్కించకుండా కొత్త కెర్నెల్‌తో చూడండి.

మరి బయటి డ్రైవర్ ఎప్పుడు? డబ్ల్యూఎల్ తప్ప గతి లేని బ్రాడ్‌కామ్ చిప్ ఉండి, ల్యాప్‌టాప్ విప్పడం కుదరనప్పుడు. అప్పుడు కూడా ఎక్కడి నుంచో సోర్స్ తేవద్దు, మీ డిస్ట్రో ఇచ్చే ప్యాకేజీనే వాడండి. మింట్‌లో అయితే డ్రైవర్ మేనేజర్ ఉంది. నెట్ లేకపోతే ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌నే మళ్లీ గుచ్చి, దానిలోంచే బ్రాడ్‌కామ్ ప్యాకేజీ తీసుకోవచ్చు. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు ప్యాకేజీల భాండాగారం జత చేసుకోవాలి. విండోస్ డ్రైవర్‌నే లినక్స్‌లో నడిపించే ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ గురించి ఎవరైనా చెబితే విని ఊరుకోండి, దాని కాలం చెల్లింది.

కార్డు మార్చడం: భయపడేంత పని కాదు

బ్రాడ్‌కామ్ డబ్ల్యూఎల్ చిప్, లేదా డ్రైవరే లేని చిప్ ఉన్నవాళ్లకి నా సలహా సూటిగా ఇదే. కార్డు తీసి ఇంటెల్ ఏఎక్స్210 పెట్టండి. ఖర్చు వెయ్యి, రెండు వేల లెక్కలో ఉంటుంది, ఆ తర్వాత ల్యాప్‌టాప్ పోయేదాకా ఈ విషయం మర్చిపోవచ్చు. బ్లూటూత్ కూడా దానితోనే వస్తుంది. ఇంట్లో ఉన్నది మామూలు వైఫై 5 రూటరే అయితే ఏఎక్స్200 చాలు, ఏఎక్స్210 అదనంగా ఇచ్చే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

కొనే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి, వీటిలో తప్పితే డబ్బు వృథా. మొదటిది, పేరులో చివరి అంకె. ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐఈ కార్డులు, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అయినా నడుస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 అలా కాదు. వాటి పనిలో కొంత భాగం ఇంటెల్ ప్రాసెసర్ వైపే ఉంటుంది కాబట్టి దానికి తగ్గ ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలోనే పలుకుతాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో కూడా పడతాయి, పనిచేయవు. దుకాణంలో "అదే సార్, సేమ్" అంటారు. సేమ్ కాదు. వైఫై 7 మోజులో బీఈ200 కొనాలనుకునే ఏఎండీవాళ్లు కూడా ఆగండి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో దానితో సమస్యలున్నాయి.

రెండోది సైజు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎం.2 2230 సైజు ఉంటుంది, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. అంతకుముందు తరంవాటిలో మినీ పీసీఐఈ హాఫ్ సైజు ఉంటుంది. దానికి ఇంటెల్ 7260లో ఆ సైజు రకం వెతుక్కోవాలి. యాంటెన్నా పిన్నులు కూడా ఈ రెండు తరాలకి వేర్వేరు, పాత వైర్లు కొత్త కార్డుకి పట్టవు. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో కార్డే ఉండదు, చిప్‌ని మదర్‌బోర్డ్ మీదే అతికించేస్తారు. అలాంటివాటికి ఈ దారి మూసుకున్నట్టే.

మూడోది బయోస్, అంటే ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్. పాత థింక్‌ప్యాడ్‌లు, కొన్ని పాత హెచ్‌పీలు తమ జాబితాలో లేని కార్డు పెడితే బూట్ కావడానికే ఒప్పుకోవు. థింక్‌ప్యాడ్‌లో 1802 అనే ఎర్రర్ వస్తుంది. సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ కొనుక్కుని లినక్స్ వేసుకునేవాళ్లు మనలో తక్కువేం కాదు, కాబట్టి మీ మోడల్‌కి ఈ జాబితా గొడవ ఉందో లేదో ముందే కనుక్కోండి.

పని విషయానికొస్తే, అడుగు మూత తీయాలి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, యాంటెన్నా వైర్లు రెండు గోటితో మెల్లగా పైకి లేపాలి, ఒక స్క్రూ తీయాలి. కష్టమంతా ఆ రెండు వైర్లని కొత్త కార్డు మీద మళ్లీ నొక్కి కూర్చోబెట్టడంలోనే. సూటిగా పైనుంచి నొక్కాలి, పక్కకి ఒరిగితే పిన్ను వంగుతుంది. చేతులు వణుకుతాయనుకుంటే సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ల బజారులో కార్డు కొన్న దుకాణంలోనే పెట్టించుకోండి, ఎదురుగా నిలబడి. వారంటీ ఉన్న ల్యాప్‌టాప్ అయితే మూత తీస్తే వారంటీ పోతుందేమో కంపెనీని అడిగాకే ముట్టుకోండి.

డాంగిల్: చవకే, కానీ చిప్ చూసి కొనాలి

మూత తీయలేని ల్యాప్‌టాప్‌కి, హాస్టల్లో ఉంటూ స్క్రూడ్రైవర్ జోలికి పోలేనివాళ్లకి డాంగిల్ మంచిదే. ఆన్‌లైన్‌లో వందల్లో దొరుకుతాయి. పెట్టె మీద లినక్స్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఏదో పాత కెర్నెల్‌కి సరిపడే డ్రైవర్ సీడీలో పెట్టి కూడా అలా రాస్తారు. డాంగిల్ మోడల్ పేరు కూడా సరిపోదు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో అథెరోస్ ఏఆర్9271 ఉండేది. దానికి ఫర్మ్‌వేర్ సోర్స్ కూడా బయటికి వచ్చింది కాబట్టి ఓపెన్‌సోర్స్ వాళ్లకి అపురూపం. అదే పేరు, అదే రూపం, రెండో వెర్షన్ నుంచి లోపల రియల్‌టెక్ చిప్. పేరు చూసి కొన్నవాళ్లు ఎంతమందో.

చిప్ పేరు చెప్పి కొనండి. ఎంటీ7612యూ ఉన్నదైతే కెర్నెల్ 4.19 నుంచి, వైఫై 6 కావాలంటే ఎంటీ7921ఏయూ ఉన్నది 5.18 నుంచి, గుచ్చగానే పనిచేస్తాయి. చవకైన ఎంటీ7601యూ కూడా పనిచేస్తుంది గానీ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. అపార్ట్‌మెంట్లో చుట్టూ ఇరవై రూటర్లు ఉన్నచోట ఆ బ్యాండ్‌లో వీడియో కాల్ నరకం. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8812బీయూ, 8821సీయూ ఉన్నవి 6.2 నుంచి కెర్నెల్‌లోనే నడుస్తాయి.

కొన్ని డాంగిళ్లు గుచ్చగానే సీడీ డ్రైవ్‌లా కనబడతాయి, లోపల విండోస్ డ్రైవర్ ఉంటుంది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌లో 0బీడీఏ:1ఏ2బీ అని కనిపిస్తే ఇదే సంగతి. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేస్తే, లేదా ఆ సీడీని ఇజెక్ట్ చేస్తే అసలు రూపంలోకి వస్తుంది.

యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వచ్చే రేడియో చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని పాడుచేస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని ల్యాప్‌టాప్‌కి దూరంగా పెట్టి చూడండి. ల్యాప్‌టాప్‌ని బల్ల మీంచి కదపని వాళ్లయితే డాంగిల్ కూడా దండగ. ఇంట్లో మూలన పడున్న పాత రూటర్‌ని రిపీటర్ లేదా క్లయింట్ మోడ్‌లో పెట్టి, దాని నుంచి ల్యాన్ కేబుల్ లాక్కుంటే డ్రైవర్ గొడవే ఉండదు.

వైఫై ఉంది, కానీ ఈడుస్తోంది

ఇది కొనుగోలుతో తీరే సమస్య కాదు చాలాసార్లు. మొదట పవర్ సేవింగ్ ఆపి చూడండి. నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగ్స్ ఫోల్డర్‌లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటే దాన్ని 2 చేయాలి, 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. పాత రియల్‌టెక్ కార్డుల్లో మాటిమాటికీ తెగిపోవడం దీనితోనే తగ్గుతుంది. ఆర్‌టీఎల్8723బీఈ ఉండి రూటర్ పక్కన కూర్చుంటే తప్ప సిగ్నల్ రాకపోతే, కంపెనీవాళ్లు ఒకే యాంటెన్నా పెట్టి దాన్ని డ్రైవర్ ఊహించని పిన్నుకి తగిలించి ఉంటారు. డ్రైవర్‌కి యాంట్‌సెల్ అనే ఆప్షన్ ఉంది, దాన్ని 1 కానీ 2 కానీ పెట్టి చూస్తే తేడా కళ్లకి కట్టినట్టు ఉంటుంది. ఫోన్‌కి కనిపించే నెట్‌వర్క్ ల్యాప్‌టాప్‌కి అసలు కనబడకపోతే రూటర్ 12, 13 ఛానెళ్లలో ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్‌లో దేశం కోడ్ భారత్‌కి లేకపోతే ఆ ఛానెళ్లని వదిలేస్తుంది.

డిస్ట్రో మారిస్తే వస్తుందా?

కొంతవరకే. 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి మూసిన ఫర్మ్‌వేర్‌ని కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చారు. అంతకుముందు డెబియన్ వేసి వైఫై లేదని ఉబుంటుకి పారిపోయినవాళ్లు ఇప్పుడు వెనక్కి రావచ్చు. మిగతా డిస్ట్రోల మధ్య తేడా అంతా కెర్నెల్ ఎంత కొత్తది, బ్రాడ్‌కామ్ ప్యాకేజీ ఎంత చేతికందేలా ఉందన్నదే. కొత్త ల్యాప్‌టాప్‌కి ఫెడోరా, బ్రాడ్‌కామ్ ఉన్న పాతదానికి మింట్, ఇది నా మొగ్గు. స్వేచ్ఛ విషయంలో రాజీ పడనివాళ్లకి ట్రిస్క్వెల్ ఉంది, అయితే అది ఎంచుకున్నారంటే కార్డు కూడా ఏటీహెచ్9కేదే ఎంచుకున్నట్టు.

ఇంకా ల్యాప్‌టాప్ కొననివాళ్లు

మీది అందరికంటే మంచి పరిస్థితి. ఉబుంటునో ఫెడోరానో ఎక్కించిన లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకెళ్లండి. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో బూట్ చేసి చూపించమంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు, కొత్తవి అమ్మే షోరూముల్లో ఒప్పుకోరు. లైవ్‌లో వైఫై జాబితా కనబడితే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి ఒక వీడియో నడిపించండి, ల్యాప్‌టాప్‌ని నిద్రపుచ్చి లేపి మళ్లీ చూడండి. కొన్ని కార్డులు బూట్‌లో బాగానే ఉండి, నిద్ర లేచాక మొరాయిస్తాయి. ఆన్‌లైన్‌లో కొంటున్నారా, స్పెసిఫికేషన్లలో "వైఫై 6" అని తప్ప చిప్ పేరు ఉండదు. అప్పుడు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ దించుకుని, వైఫై కార్డు తీసి మార్చే పేజీ ఉందేమో చూడండి. ఉంటే కార్డు విడిగా ఉన్నట్టు, చిప్ ఏదొచ్చినా తర్వాత మార్చుకోవచ్చు. లేకపోతే రిటర్న్ గడువు ఎన్ని రోజులో చూసుకుని, పెట్టె విప్పిన రోజే లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టేయండి.